రత్నమణి శుక్రవారాలు

“నూనె కాదంటే కాదు,” అన్నాడు సైమన్. “దుమ్ము. బుధవారం ఆ గాలి చూళ్ళేదా? ఆ దుమ్మంతా ఎక్కడికి పోద్ది? నీళ్ళలోకే.”

“దుమ్మయితే చేతికి జిడ్డెందుకు తగులుతుందండీ?” అంది రత్నమణి.

ఇదే మాట అనుకోవడం వరసగా ఇది మూడో శుక్రవారం. ఆమె కుళాయి దగ్గర కూర్చుని స్విమ్మింగ్ పూల్ మోటారు ఫిల్టరు కడుగుతోంది. మడతలు మడతలుగా ఉండే తెల్లటి కాగితపు గొట్టం అది. పేరుకే తెల్లది. ఒక్కో మడతా విడదీసి పైపుతో నీళ్ళు కొడుతుంటే మడతల్లోంచి బూడిదరంగు జిగురు జారుతోంది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కొబ్బరినూనె వాసన. ఆ వాసన సైమన్‌కి కూడా తెలుసు. తెలుసని అతను ఒప్పుకోడు, ఎందుకంటే ఆ నూనె అతని అక్క చేతిది.

“క్లోరిన్ ఇంకో గ్లాసు ఎక్కువెయ్యి,” అన్నాడు.

“ఎక్కువేస్తే పిల్లలకి కళ్ళు మండుతున్నాయి.”

“అయితే తక్కువెయ్యి.”

రత్నమణి ఫిల్టరు తిప్పి రెండో వైపు కడగడం మొదలుపెట్టింది.

కువైట్‌లోని ఫింటాస్‌లో వాళ్ళు అద్దెకుండేది పాతకాలపు ఇంటి కింది వాటా. చుట్టూ గోడ కట్టిన ఖాళీ వాకిలి ఒకటి ఉంది, ఇక్కడి వాళ్ళు దాన్ని హౌష్ అంటారు. కిందటి ఏప్రిల్ దాకా అందులో బట్టలు ఆరేసుకునేవాళ్ళు. ఆ ఏప్రిల్‌లో సైమన్ కంపెనీలో పనిచేసే ఫిలిప్పీన్స్ సూపర్‌వైజరు ఒకాయన దేశం వెళ్ళిపోతూ తన పూల్‌ని సైమన్‌కి ఊరికే ఇచ్చేశాడు. నేల తవ్వే పని లేదు. ఇనప గొట్టాల చట్రం నిలబెట్టి, అందులో నీలం రంగు ప్లాస్టిక్ షీటు వేలాడదీసి నీళ్ళు నింపడమే. గుండ్రంగా పదిహేను అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, ఎక్కి దిగడానికో నిచ్చెన, పక్కన చిన్న మోటారు. అంత వస్తువు ఊరికే ఎందుకిచ్చాడా అని ఆలోచించింది ఆ ఇంట్లో రత్నమణి ఒక్కతే.

“నువ్వు నర్సువి కదా, మందులూ మోతాదులూ నీకయితే తెలుస్తాయి,” అని సైమన్ మొదటి రోజే క్లోరిన్ డబ్బా ఆమె చేతికిచ్చాడు. పెద్దమ్మాయి జెన్నిఫర్ వల చేతికిచ్చింది. చిన్నది సిల్వియా ఏమీ ఇవ్వలేదు, నీళ్ళలోకి దూకేసింది. ఆ రోజునుంచీ పూల్ అందరిదీ, పూల్ పని రత్నమణిది.

మొదట్లో అరగంట పనే కదా అనుకుంది. రంగుకాగితం ముంచి, డబ్బా మీద రంగులతో పోల్చి చూసి, బకెట్లో పొడి కలిపి పొయ్యడం. కానీ ఇక్కడి ఎండకి పొద్దున పోసిన క్లోరిన్ సాయంత్రానికి ఉండదు. దుమ్ము లేచిందంటే నీళ్ళ మీద పసుప్పచ్చ పొర కడుతుంది. దాన్ని వలతో తియ్యబోతే ముద్దయి కిందికి దిగుతుంది. కిందికి దిగినదాన్ని గొట్టంతో లాగాలి. నీళ్ళంచున షీటు చుట్టూ జిడ్డు గీత పడుతుంది, స్పాంజీతో తుడవాలి. పదిహేను అడుగుల పూల్ చుట్టూ నలభై ఏడు అడుగుల గీత ఉంటుందని జెన్నిఫర్ లెక్కల పుస్తకంలో వేసి చూపించింది. తుడవడానికి మాత్రం రాలేదు, పరీక్షలని.

ఈ పనంతా శుక్రవారమే, ఇక్కడ ఊరంతటికీ సెలవు ఆ రోజే. రత్నమణి పనిచేసే క్లినిక్‌లో వారానికి ఒక్క రోజే ఆఫ్. కొత్తగా చేరినవాళ్ళకి సోమవారమో బుధవారమో పడేస్తారు. శుక్రవారం కావాలంటే పైవాళ్ళెవరో మానెయ్యాలి, లేదా దేశం వెళ్ళిపోవాలి. రత్నమణి ఏడేళ్ళు ఆగింది. ఆ ఏడేళ్ళూ శుక్రవారం ఆరాధనకి సైమన్ పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్తుంటే, ఆమె యూనిఫాం వేసుకుని బస్సెక్కేది. చివరికి శుక్రవారం దొరికినప్పుడు మూడు కోరికలు కోరుకుంది. క్వయర్లో పాడాలి. మధ్యాహ్నం భోంచేసి కర్టెన్ వేసుకుని రెండు గంటలు పడుకోవాలి. సాయంత్రం రాజోల్లో ఉన్న చెల్లెలితో తీరిగ్గా ఫోన్లో మాట్లాడాలి. క్వయర్ ఒక్కటే మిగిలింది. అది కూడా, పాట మధ్యలో ఇంటి దగ్గర మోటారు ఆపానా లేదా అని గుర్తొచ్చేది.

దుమ్ముతో ఆమెకి పేచీ లేదు. దుమ్ము ఎవరి మాటా వినదు. నూనె అలా కాదు.

సైమన్ అక్క పరంజ్యోతి జాబ్రియాలో ఒక కువైటీల ఇంట్లో వంట చేస్తుంది. భర్త పోయి పన్నెండేళ్ళు, పిల్లల్లేరు. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, గురువారం సాయంత్రం వదిలితే మళ్ళీ శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి డ్రైవర్ని పంపిస్తుంది. ఆ ఒక్క రోజూ పరంజ్యోతి తమ్ముడింట్లో ఉంటుంది. చర్చి నుంచి రాగానే గడపమీద కూర్చుని మేనకోడళ్ళిద్దరి తలలకీ గిన్నెడు కొబ్బరినూనె పట్టిస్తుంది. మామా ఇంట్లో ఆరుగురు పిల్లలున్నారు కానీ ఆ వాసన వాళ్ళకి పడదు.

“క్లోరిన్ నీళ్ళలో ఉత్తి తలలతో దిగితే జుట్టు చీపురుపుల్లలైపోద్ది,” అంటుంది ఆవిడ. “నూనుంటే నీళ్ళు అంటవు. నీకు తెలీదు రత్నం, నువ్వు డ్యూటీల్లో పడి వీళ్ళ తలలు చూసుకోవు.”

మేనకోడళ్ళతో ఆగితే బాగుండేది. పూల్ సంగతి తెలిసి చర్చి పిల్లలు ఏడెనిమిది మంది రావడం మొదలయ్యాక, పరంజ్యోతి వాళ్ళందర్నీ కూడా వరసలో కూర్చోబెట్టి రాస్తోంది. పిల్లలు మెరుస్తూ నీళ్ళలోకి దూకుతారు. ఆవిడ ముఖం కూడా అప్పుడు అలాగే మెరుస్తుంది. ఆ ముఖం చూసి రత్నమణి నోటిదాకా వచ్చిన మాట మింగేస్తుంది. మింగిన మాటని తర్వాత సైమన్ దగ్గర కక్కుతుంది. సైమన్ దుమ్మంటాడు.

ఆ వారం కూడా అంతే జరిగింది. తర్వాతి గురువారం రత్నమణి డ్యూటీలో ఉండగా, ఇంట్లో అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆ సమస్యకి ముగింపు పలికేశారు.

శుక్రవారం తెల్లవారి ఆమె హౌష్‌లోకి వచ్చేసరికి పూల్ అద్దంలా ఉంది. అడుగున షీటు మీది నీలం గళ్ళు, అంచునున్న కుట్టు, పోయిన నెలలో పోయిన సిల్వియా క్లిప్పు, అన్నీ కనిపిస్తున్నాయి.

“ఏం వేశారు ఇందులో?” అంది.

“పటిక,” అంది పరంజ్యోతి వెనకనుంచి, కాఫీ గ్లాసు అందిస్తూ. “ఫహాహీల్ బజార్లో షబ్బా అని అడిగితే ఇచ్చాడు. రెండు కిలోలు గుడ్డలో కట్టి తమ్ముడూ నేనూ చుట్టూతా తిప్పాం. వరదల్లో ఎర్ర గోదారి నీళ్ళు బిందెలో పట్టి ఇలాగే కదా మనం తాగింది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి పోద్ది.”

“మోటారు ఆపేశాను, నీళ్ళు కదలకూడదని,” అన్నాడు సైమన్. “చూశావా మరి? నూనయితే పటిక్కి దిగుతుందా? దుమ్మే.”

రత్నమణి నీళ్ళడుగున మెత్తటి పరుపులా ఏదో పరుచుకుని ఉండటం చూసింది. చూసి కూడా ఊరుకుంది. ఏడాది తర్వాత ఒక్క శుక్రవారం ఎవరో తన పని తనకు లేకుండా చేశారు. దాన్ని తవ్వి చూసే ఓపిక ఆమెకి లేదు.

చర్చిలో ఆ రోజు మోటారు గుర్తు రాలేదు. ఇంటికొచ్చి భోంచేసి, రెండున్నరకి గదిలో కర్టెన్ లాగి పడుకుంది. ఏసీ చప్పుడు. బయట పరంజ్యోతి ఎవరి తలో పట్టుకుని “కదలకే పిల్లా” అంటోంది. ఎవరో దూకిన చప్పుడు. ఇంకొకరు. రత్నమణి నిద్రలోకి జారుతోంది.

“మణీ,” అన్నాడు సైమన్ తలుపవతల నుంచి. “ఒకసారి రా.”

ఆమె కళ్ళు తెరవలేదు. “ఏమైందండీ?”

“నువ్వు రా ముందు.”

పూల్‌లో మజ్జిగ ఉంది. తొమ్మిది మంది పిల్లలు దూకేసరికి అడుగున ఉన్న పరుపంతా పైకి లేచింది. నీళ్ళు మళ్ళీ తేటపడతాయని సైమన్ మోటారు వేశాడు. మోటారు కాసేపు మూలిగి, గట్టిగా అరిచి, ఆగిపోయింది. పిల్లలు గోడవారన వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ జుట్లలోంచి తెల్లటి పేస్టు కారుతోంది.

“ఆంటీ, మేం ఏం చెయ్యలేదు,” అన్నాడు అందులో ఒకడు.

ఎవరి పిల్లలెవరో చూసుకుని, వాళ్ళ తలలు రుద్ది, బట్టలు తొడిగి, తల్లిదండ్రులకి ఫోన్లు చేసి పంపేసరికి నాలుగున్నర అయింది. అయిదింటికి అన్వర్ బాషా వచ్చాడు. రాయచోటి మనిషి, ఫహాహీల్‌లో పూళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. మోటారు మూత తీసి, ఫిల్టరు బయటికి లాగి, రెండు చేతుల్లో పట్టుకుని అందరికీ చూపించాడు. మడతలు కనపడటం లేదు. గోడకి సున్నం మెత్తినట్టుంది.

“ఏమేసినారన్నా దీంట్లో?”

“పటిక,” అన్నాడు సైమన్.

“ఎంత?”

“రెండు కిలోలు.”

అన్వర్ బాషా గోటితో ఆ సున్నాన్ని గీకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశాడు.

“పటిక ఒగటే కాదు. పటిక్కి ఈ జిగురు రాదు. నూనె ఉండాది దీంట్లో. కొబ్బరినూనె. శానా రోజులది.” రత్నమణి వైపు తిరిగాడు. “అక్కా, పటికేస్తే అడుగున దిగినదంతా బయటికి లాగేసి, ఆ తర్వాతనే మనుషులు దిగల్ల. మీరు దిగబెట్టి, మళ్ళా కలిపి, దాన్ని మోటారుతో తాపించినారు. అదేం చేస్తాది, పాపం. ఈ ఫిల్టరు ఖలాస్. నీళ్ళన్నీ వదిలేసి, షీటు సబ్బుతో తోమి, మళ్ళా పట్టల్ల. అంతేగాని ఇంగేమీ లేదు.”

“ఎంతసేపు పట్టుద్ది?” అన్నాడు సైమన్.

“వదిలేదానికి ఒగ రోజు. పట్టేదానికి రెండ్రోజులు. తోమేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటాది.”

అందరూ రత్నమణి వైపు చూశారు. కావాలని చూడలేదు, అలవాటు మీద చూశారు. జెన్నిఫర్ మాత్రం చూసి, వెంటనే తల తిప్పుకుంది.

పరంజ్యోతి నూనెగిన్నెని కొంగుచాటుకి తీసుకుంది. “మా ఊళ్ళో బిందె నీళ్ళకి బాగానే తేరేది,” అంది నెమ్మదిగా.

“బిందెలో ఎవురూ దూకరు కదమ్మా,” అన్నాడు అన్వర్ బాషా. నవ్వించడానికి అన్నాడు కానీ ఎవరూ నవ్వలేదు. మోటారు బాగుచేసి తెస్తానని ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

సైమన్ తలుపు వేసొచ్చి నిచ్చెన మీద కూర్చున్నాడు. “మేమంటే తెలీక చేశాం,” అన్నాడు. “పిల్లలు దిగేముందు నువ్వొకసారి బయటికొచ్చి చూసుంటే ఇంత అయ్యేది కాదు. నీకు తెలుసుగా ఈ సంగతులన్నీ. సరిగ్గా ఆ టైముకే పడుకున్నావు.”

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెని ఎక్కువగా తాకింది. కోపంతో అని ఉంటే తర్వాత తగ్గేవాడు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆమె పడుకోవడం, ఆ మోటారు ఆగిపోవడం, అతని లెక్కలో రెండూ ఒకలాంటివే.

రత్నమణి లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. దుప్పటి సగం తీసి ఉంది. తలగడ మీద తల పెట్టిన గుంట ఇంకా అలాగే ఉంది. ఏడేళ్ళు ఆగి తెచ్చుకున్న శుక్రవారాలన్నీ ఆమె అనుకున్నట్టు ఎక్కడికీ పోలేదు, ఆ గోడవతల నలభై ఏడు అడుగుల గీత చుట్టూ తిరుగుతున్నాయి. వదినకి నూనె మానమని చెప్పొచ్చు. చెప్తే ఆవిడ మానేస్తుంది, ఆ తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గడపమీద ఊరికే కూర్చుంటుంది. భర్తకి తోమమని చెప్పొచ్చు. చెప్తే ఒక వారం తోముతాడు. రెండో వారం “ఈ మడత ఎలా తోమాలి మణీ” అని తలుపు కొడతాడు. తను ఈ ఇంట్లో ఉన్నంతసేపూ ఆ తలుపు కొడుతూనే ఉంటారు.

ఆమె ఫోన్ తీసి హెడ్ నర్సు నంబరు నొక్కింది.

పరంజ్యోతి డ్రైవరు ఎనిమిదింటికి వస్తాడు కాబట్టి శుక్రవారం ఏడింటికే భోజనాలు. చేపల పులుసు పరంజ్యోతే పెట్టింది. ఎప్పుడూ కబుర్లు చెప్పే మనిషి ఇవాళ తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది. సిల్వియా వెంట్రుకల్లో ఇంకా పటిక పొడి ఉంది. సైమన్ రెండోసారి పులుసు వేసుకుంటూ, రేపు పొద్దున నీళ్ళు వదలడం మొదలుపెడదామనీ, వచ్చే శుక్రవారానికల్లా రత్నమణి షీటు తోమేస్తే ఆపై శుక్రవారం పిల్లల్ని పిలవచ్చనీ చెప్తున్నాడు.

“వచ్చే శుక్రవారం నాకు డ్యూటీ అండీ,” అంది రత్నమణి.

“ఒక్క వారానికేనా?”

“కాదు. ఇక నుంచి శుక్రవారం డ్యూటీ, మంగళవారం ఆఫ్. ఇందాక హెడ్ నర్సుతో మాట్లాడి మార్పించుకున్నాను.”

సైమన్ చెయ్యి గిన్నె దగ్గరే ఆగింది. “ఏడేళ్ళు ఆగావు కదా దానికోసం. ఇప్పుడొదిలేస్తే మళ్ళీ ఇస్తారా?”

“ఇవ్వరు. ఆవిడ కూడా అదే అడిగింది, ఆలోచించుకునే చెప్తున్నావా అని.”

“క్వయర్, మమ్మీ?” అంది జెన్నిఫర్.

“మానేస్తున్నానని రేపు చెప్తాను.” ఆమె మంచినీళ్ళ గ్లాసు జెన్నిఫర్ వైపు జరిపింది. “మంగళవారం సాయంత్రం సిస్టర్స్ ప్రార్థన ఉంటుందిగా, దానికెళ్తాను.”

పరంజ్యోతి తలెత్తింది. “నా మూలానేనా, రత్నం? నూనె రాయనులే ఇక.”

“రాయండి వదినా. దిగేటప్పుడు రాయాలో దిగాక రాయాలో మీరూ మీ తమ్ముడూ అనుకోండి. తోమేది మీ తమ్ముడే కాబట్టి ఆయన్నడిగి రాయండి.”

“మంగళవారం నువ్వు ఇంట్లో ఏం చేస్తావు?” అన్నాడు సైమన్. నిజంగా తెలియకే అడిగాడు. “మేమెవరం ఉండం. పిల్లలు బళ్ళో, నేను కంపెనీలో.”

“అవునండీ,” అంది రత్నమణి. “ఎవరూ ఉండరనే మంగళవారం అడిగాను.”