కోడికి మీసమెక్కడిది

మా సల్త్ ఊళ్ళో కాఫీ గింజలు వేయించి అమ్మే దియాబ్ మీసం గురించి ముందు చెప్పాలి. మీసం సంగతి తెలియకపోతే ఫోను సంగతి అర్థం కాదు. అది ఆషామాషీ మీసం కాదు. అతని కొట్టు ముందు నుంచి వెళ్ళే ఆడవాళ్ళు పెనం మీది గింజల వాసనకి ఒక్క క్షణం ఆగితే, మగవాళ్ళు ఆ మీసం చూసి తమ మూతి ఒకసారి తడుముకుని వెళ్ళేవారు. దియాబ్ మాటిస్తే మీసం మీద చెయ్యి వేసి ఇచ్చేవాడు. ఇచ్చాక తప్పేవాడు కాదు. అందుకని అతని చేత తొందరపడి ఒట్టు వేయించడానికి ఎవరూ సాహసించేవాళ్ళు కాదు. తనంతట తనే తొందరపడి వేసుకున్నాడు, అదీ కథ.

అతని భార్య తమామ్ పుట్టింటివాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఐఫోనులోకి దిగిపోయారు. ముందు ఆమె పెద్దన్న హాజీ సువైలిమ్ దిగాడు. ఆయన్ని చూసి తమ్ముళ్ళు, వాళ్ళని చూసి చెల్లెళ్ళు. ముందు గొర్రె వాగులో కాలు పెడితే మంద ఆగుతుందా? చివరికి ఆండ్రాయిడ్ ఒడ్డున దియాబ్ ఒక్కడే మిగిలాడు. అతనికి తోడు పక్క కొట్లో తాళాలు బాగుచేసే అబూ ఈసా.

ఒకరోజు హాజీ సువైలిమ్ కొట్టుకొచ్చి, తన ఫోను తక్కెడ పక్కన పెట్టి, ఎన్నాళ్ళు బావా ఆ ఒడ్డున కూర్చుంటావు, ఇటు రారాదూ అని కదిలించాడు. దియాబ్ ఆ ఫోను తీసి, సంతలో గాడిద పళ్ళు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వెనక్కొచ్చే బొత్తాం ఏది బావా?"

"బొత్తాం లేదు. అంచు మీద వేలితో ఇలా రాస్తే అదే వస్తుంది."

"లోపలికి పిలిచి, బయటికి రావడానికి గోడ తడుముకోమనే ఇంట్లో నేను కాలు పెట్టను."

అబూ ఈసా తొడ మీద చరుచుకుని నవ్వాడు. కాఫీ కొనడానికొచ్చిన వాళ్ళూ నవ్వారు. మనిషికి మెప్పు తలకెక్కితే నోరు ఊరుకోదు. దియాబ్ చెయ్యి మీసం మీదికి పోయింది. ఈ జాతి ఫోను నా జేబులో పడిన రోజు ఈ మీసం తీయించేస్తాను అన్నాడు. అబూ ఈసా నేను సాక్షినన్నాడు. హాజీ సువైలిమ్ కాఫీ పొట్లం తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి కూతురు తల్లికి ఐఫోను కొనిచ్చింది. ఒట్టు దియాబ్‌ది గానీ తమామ్‌ది కాదు కదా, ఆమె హాయిగా పుచ్చుకుంది. ఆ రోజునుంచీ సాయంత్రమైతే తమామ్ పక్క గదిలో చేరి చెల్లెళ్ళతో కబుర్లు పెట్టేది. ఇటు గదిలో దియాబ్ తన ఫోనులో వార్తలు చూసుకుంటూ, సేజ్ ఆకు వేసిన టీ చల్లారబెట్టుకుంటూ కూర్చునేవాడు. గోడ అవతల నవ్వులు. ఒకసారి ఏమిటా అని తొంగి చూస్తే, ఫోనులో ఒక కుందేలు. ఆ కుందేలు తమామ్ గొంతుతో వంకాయల ధర మీద విసుక్కుంటోంది. తమామ్ కళ్ళు తిప్పితే కుందేలూ కళ్ళు తిప్పుతోంది. అటునుంచి చెల్లెలు ఫిద్దా ఎలుగుబంటి అయిపోయి జవాబు చెబుతోంది.

దియాబ్ వెనక్కొచ్చి కూర్చున్నాడు. టీ తాగబుద్ధి కాలేదు.

ఇంకో రోజు మధ్యాహ్నం తమామ్, ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టడానికి సాయం రమ్మంటే పక్కింటికి వెళ్ళింది. చెల్లెళ్ళతో కబుర్లు మధ్యలో ఆపి, ఫోను తెరిచింది తెరిచినట్టే మంచం మీద పడేసి వెళ్ళింది. దియాబ్ చూద్దామని తీశాడు. పట్టుకోవడం వేరు, జేబులో పడటం వేరు అని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. వేలు ఎక్కడ తగిలిందో, ఒక కోడి ప్రత్యక్షమై అతని వైపు చూసింది. కనుబొమ్మ ఎగరేశాడు. కోడీ ఎగరేసింది. గుడ్లురిమాడు. కోడి తిరిగి ఉరిమింది. ఊళ్ళో అతనికి ఎదురు ఉరిమిన వాళ్ళు అంతవరకు లేరు.

ఇక దియాబ్ ఆగలేదు. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వరసగా చిందేసేటప్పుడు ముందు నిలబడి గొంతెత్తేవాడు అతనే. ఆ పాట అందుకున్నాడు. కోడి తల ఊపుతూ, ముక్కు బారెడు తెరిచి, అతని గొంతుతో పాడింది. చరణం చివర ఈల వేస్తే కోడి మూతి సున్నాలా చుట్టింది. నవ్వి నవ్వి మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు. అంతలో మెట్ల మీద తమామ్ చెప్పుల చప్పుడు. కంగారులో ఎక్కడో నొక్కాడు. కోడి రయ్యిన పైకి ఎగిరి మాయమైంది. చెరిగిపోయింది, బతికానురా దేవుడా అనుకున్నాడు.

ఆ రోజు మొదలు దియాబ్‌కి మనసు మనసులో లేదు. ఎన్నడూ లేనిది గింజలు మాడ్చాడు. పక్కనుంచి అబూ ఈసా, ఏమిటయ్యా వీధంతా పొగ అని కేకేశాడు. దియాబ్ గింజలు కలుపుతూ లోపల తక్కెడ వేసుకునేవాడు. ఒక పళ్ళెంలో తన ఫోను. బొటనవేలికి దాని మూలమూలలూ తెలుసు. ఫొటోలు, పావురాలు పెంచేవాళ్ళ గుంపు, కొట్టు ఖాతాదార్ల నంబర్లు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. పైగా వెనక్కొచ్చే బొత్తాం. ఇంకో పళ్ళెంలో ఒకే ఒక్క కోడి. ముల్లు కోడి వైపే ఒరిగేది.

నిజం చెప్పాలంటే అది కోడి బరువు కాదు. గోడ అవతల తమామ్ నవ్వు. పెళ్ళయిన కొత్తలో ఆ నవ్వు తనతోనే ఉండేది. ఇప్పుడు కుందేలు వేషంలో అందరి ఇళ్ళకీ వెళ్తోంది, ఇటు గదిలోకి తప్ప. తనూ ఒకరోజు ఆమె ఫోనులోకి కోడై దూకితే? ఆమె ఫోనులోంచి ఆమెకే ఎలా దూకుతాడు? తనకంటూ ఒకటి కావాలి. తనకంటూ ఒకటి ఉంటే మీసం ఉండదు.

ఫోన్ల కొట్టు అద్దం ముందు నిలబడి ఉండగా అబూ ఈసా ఒకసారి పట్టుకున్నాడు కూడా. నా ఫోనుకే తొడుగు చూస్తున్నానన్నాడు దియాబ్. చూస్తున్నది మాత్రం ఐఫోనుల వైపు.

మాలో ఇలాంటి ముడికి విప్పు ఒకటే. పెద్దలు కలిసి ఇంటికి రావాలి. పిల్లనడగడానికైనా, తగువు తీర్చడానికైనా అదే పద్ధతి. వరసగా కూర్చుంటారు, ఇంటాయన కాఫీ పోస్తాడు, వచ్చినవాళ్ళలో పెద్దాయన కప్పు ముట్టకుండా ముందు పెట్టుకుని తన మాట చెబుతాడు. మీరొచ్చిన పని అయింది, తాగండి అని ఇంటాయన అనేదాకా గుక్క వెయ్యడు. కాఫీ చల్లారి, తాగకుండా వాళ్ళు లేచిపోతే ఆ ఇంటికి అంతకు మించిన తలవంపు లేదు. అందుకే ఎంత గట్టి ఒట్టయినా ఆ కప్పులో కరుగుతుంది. అలా కరిగితే ఎవరూ వేలెత్తి చూపరు. కానీ పెద్దాయన ముందే తాగేశాడా, అడగాల్సింది వదులుకున్నట్టే.

అంటే ఎవరైనా వచ్చి అడగాలి. రండి, నన్ను అడగండి అని పిలవలేడు కదా.

ఒక సాయంత్రం తమామ్ గిన్నెలు కడుగుతుంటే దియాబ్ వంటింటి గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు.

"మీ అన్నకి నేనంటే లెక్కలేదు."

"ఇప్పుడేం చేశాడు?"

"రోడ్డు మీద గుంత పూడ్చమనడానికి కూడా పెద్దల్ని వెంటేసుకుని వెళ్తాడే. సొంత బావ ఆ ఒడ్డున ఒంటరిగా పడి ఉన్నాడు, పద్ధతిగా వచ్చి రమ్మని ఒక్క మాట అడిగాడా?"

"అడిగితే వస్తావా ఏమిటి?"

"నేను రాను. అడగడం వాళ్ళ మర్యాద."

తమామ్ కుళాయి గట్టిగా తిప్పి, మొహం గిన్నెల మీదికి దించుకుంది. ఆమె భుజాలు ఎందుకో అదురుతున్నాయి.

శుక్రవారం నమాజు అయ్యాక హాజీ సువైలిమ్ వచ్చాడు. వెనక తమ్ముళ్ళు, వీధి పెద్దలు. అంత ఎండలోనూ భుజాల మీద జరీ అంచు అబాయాలు, పెద్దమనుషుల పై అంగీలు. చివర అబూ ఈసా మెడకి టై కట్టుకుని వచ్చాడు. నేను వీళ్ళ వైపు కాదు, మీసం తరఫున వచ్చానని గుమ్మంలోనే చెప్పేశాడు. ఆడవాళ్ళు పక్క దారిన వంటింట్లో చేరారు.

దియాబ్ ఎంత ఆశ్చర్యపోయాడో చెప్పలేం. అయ్యో, ఏమిటీ రాక, కబురైనా లేకుండా అన్నాడు. పొద్దుటే పరుపులు దులిపి వరసగా వేయించింది అతనే. తెల్లవారకముందే లేచి, ఒక్క గింజ మాడకుండా వేయించి, యాలకులు రెట్టింపు వేసి కాఫీ కాచిందీ అతనే.

పొడుగు ముక్కు కాఫీ కూజా, దల్లాలోంచి పోసి హాజీ ముందు పెట్టాడు. ఆ వాసనకి పెద్దల గొంతులు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. హాజీ కప్పు కేసి చూసి, కష్టం మీద కళ్ళు తిప్పుకుని, గొంతు సవరించుకున్నాడు.

"దియాబ్, ఒకనాడు నువ్వు మా గుమ్మంలో కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నావు. మా నాన్న నీకు తమామ్‌ని ఇచ్చాడు. ఇవాళ మేమొచ్చి నీ గుమ్మంలో కూర్చున్నాం. మేము అడగబోయేది పిల్లని కాదు. నిన్నే."

దియాబ్ గుండె కరిగి నీరైపోయింది. అయినా పిలవగానే పరిగెత్తితే బాగుండదు కదా. కాస్త బెట్టు చేసి ఒప్పుకుందామని, మీసం దువ్వుకుంటూ, వెనక్కొచ్చే బొత్తాం సంగతి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే హాజీ ఒళ్ళో ఫోను గుర్రుమంది. హాజీ కిందికి చూశాడు. ఏం చూశాడో గానీ ఆయన బుగ్గలు ఉబ్బాయి. గడ్డం వణికింది. మెడ ఎర్రబడింది. లోపలినుంచి తన్నుకొస్తున్నదాన్ని ఆపడానికి నోటికి ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి. చెయ్యి తడుముకుంటే దొరికింది కప్పు. గడగడా తాగేశాడు. తాగి, ఇక చాలన్నట్టు అలవాటు కొద్దీ కప్పు అటూ ఇటూ ఊపాడు కూడా.



"తాగేశాడు," అన్నాడు అబూ ఈసా మెల్లగా. "హాజీ అడగాల్సింది వదులుకున్నాడు. మీసం నెగ్గింది. లేవండయ్యా, ఇంకేముంది."

హాజీ చేతిలో ఖాళీ కప్పు వంక అదేదో కరిచినట్టు చూస్తున్నాడు. తమ్ముళ్ళు తలలు దించుకున్నారు. వెనక వరసలో వాళ్ళు చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. అబూ ఈసా వచ్చి దియాబ్ వీపు తట్టాడు. దియాబ్ గెలిచాడు. ఊరుకుంటే చాలు, గెలిచిన మీసంతో బతికినన్నాళ్ళు ఊళ్ళో తిరగొచ్చు. కానీ వంటింట్లో కూడా ఎవరూ నవ్వడం లేదు. గోడ అవతల తమామ్ నవ్వు లేకుండా ఆ ఇల్లు ఎలా ఉంటుందో దియాబ్ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు విన్నాడు.

దల్లా చేతిలోకి తీసుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు. "హాజీ తాగింది అతిథి కప్పు. ఎండన పడి వచ్చినవాడికి పోసేది. మీ పని తాలూకు కప్పు నేనింకా పొయ్యనే లేదు."

"ఈ లెక్క ఎప్పుడు పుట్టింది?" అన్నాడు అబూ ఈసా.

"తాతలనాటిది. నీకు చెప్పడం మరిచిపోయాను."

కప్పు నింపి హాజీ ముందు పెట్టాడు. హాజీ నోరు తెరవబోయాడు. దియాబ్ ఆగలేదు.

"మీరొచ్చిన పని అయింది. తాగండి."

"వాళ్ళింకా ఏమీ అడగలేదు కదయ్యా," అన్నాడు అబూ ఈసా.

"అడగబోయారు. మొహాలు చూస్తే తెలియడం లేదూ?"

హాజీ ఇక ఆపుకోలేకపోయాడు. పగలబడి నవ్వుతూ పరుపు మీద పక్కకి ఒరిగాడు. ఒళ్ళో ఫోను జారి దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ ఎక్కడ నొక్కుకుందో, అందులోంచి కోడి తల ఎగరేసి, దియాబ్ గొంతుతో పెళ్ళిపాట ఎత్తుకుంది. చరణం చివర ఈలతో సహా. వంటింట్లో ఆడవాళ్ళు గొల్లుమని, పెళ్ళిలో తీసినట్టు నాలుక తిప్పి కూతలు తీశారు.

దియాబ్ చేతిలో దల్లా ముక్కులోంచి కాఫీ బొట్లు బొట్లుగా పరుపు మీద పడుతోంది. గుమ్మంలో తమామ్ తలముసుగు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు దియాబ్.

"నువ్వు పాడిన రోజు నుంచే. చెరిపేశాననుకున్నావు, మా చెల్లెళ్ళందరికీ పంపేశావు. ఇందాక ఊరుకోలేక ఫిద్దా మళ్ళీ అన్నయ్యకి పంపింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ పాడేవాడివా?"

దియాబ్ మొహం కాఫీ గింజలా ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడి, ఆ తర్వాత చిటపటలాడుతూ నవ్వింది. హాజీ కప్పు ఎత్తి, ఈసారి అందరూ చూస్తుండగా, చివరి బొట్టుదాకా తాగాడు.

అబూ ఈసా ఒక్కడే నవ్వలేదు. పని అయింది, ఒట్టు కప్పులో కరిగింది, అంతా బాగానే ఉంది, కానీ తను మీసం తరఫున వచ్చినవాడు, వట్టి చేతులతో ఎలా వెళ్ళాలి అని పట్టుబట్టాడు. న్యాయమే కదా. అందరూ దియాబ్ వైపు చూశారు. దియాబ్ భార్య ఫోను అడిగి తీసుకుని, దాని ముందు మొహం పెట్టి, అబూ ఈసాని పక్కకి పిలిచి తెర చూడమన్నాడు. అందులో కోడి.

"చూసుకో అబూ ఈసా," అంది కోడి. "తీయించేశాను. కోడికి మీసమెక్కడిది?"

అబూ ఈసా కోడిని చూశాడు. దియాబ్‌ని చూశాడు. మళ్ళీ కోడిని చూశాడు. టై కాస్త వదులు చేసుకుని, గొంతు తగ్గించి, ఇందులో కోతి కూడా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందంది కోడి.

అబూ ఈసా అవునా అని తలాడించి, తన పాత ఫోను జేబులోంచి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అందరితో పాటు లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ, ఎవరికీ చెప్పనట్టుగా, గోడ వైపు చూస్తూ అన్నాడు:

"మా ఇల్లు తెలుసు కదా, పై వీధిలో. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక నేను ఇంట్లోనే ఉంటాను."