ఆరో మనిషి పైకి రాలేదు

ఆరోగ్యస్వామికి కంట్లో పొర తీసి ఆరు రోజులైంది. మందు మానితే కన్ను పోతుందని డాక్టరు మరీమరీ చెప్పాడు. అయినా ముసలాయన పొద్దుటినుంచి చుక్కల మందు వేయించుకోలేదు, అన్నం ముట్టలేదు. పట్టు ఒక్కటే: గనిలో దిగిన ఆరో మనిషి పైకి రావాలి.

ఆ గని ఈ ఊరి బంగారు గనుల్లోది కాదు. గని దొరల పాత క్లబ్బు సామాన్లు వేలం వేసిననాడు ఆయన మోజుపడి తెచ్చుకున్న ఇంగ్లీషు కథల పుస్తకంలోది. నూట నలభై ఏళ్ల కిందటి అచ్చు. ఆయనకు ఇంగ్లీషులో అంకెలు తప్ప అక్షరాలు రావు. మంచం మీద తోచక, కోడలు సెలీనాను చదివి తెలుగులో చెప్పమన్నాడు. సెలీనాకు నరసాపురం ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. కంపెనీ బస్సు వచ్చేలోగా వంట, అంట్లు, పైన రోజుకో కథ. ఆ కాలపు రచయితలకు పనీపాటా ఉండేది కాదేమో, ఒక్క కొండను చెప్పడానికి మూడు పేజీలు తీసుకుంటారు. ఆమె నిన్న ఈ గని కథలో నాలుగు పేజీలు గుట్టుగా తిప్పేసి, అందరూ సుఖంగా ఉన్నారని కథను కంచికి పంపింది.

ఎవరి దగ్గర ఆ పని చేస్తోందో మరిచిపోయింది. ఆరోగ్యస్వామి ముప్పైనాలుగేళ్లు ఆండర్సన్‌పేట నుంచి గనికి పోయి టోకెన్ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి. గనిలోకి దిగేవాడు ఇత్తడి టోకెన్ తీసుకెళ్లాలి, పైకొచ్చి తిరిగివ్వాలి. టోకెన్లు తగిలించే పలక మీద ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఆయన కిటికీ మూసేవాడు కాదు.

"దిగినోళ్లు ఆరుమంది. నువ్వు పైకి తెచ్చినోళ్లు అయిదుమంది. ఆ ఆరోవాడు, జాను, యాడుండాడమ్మా?"

"వచ్చేసినాడులే మామా."

"యెవురు చూసినారు?"

"నిచ్చెనెక్కి వచ్చినాడంట."

"టోకెన్ యెవురికిచ్చినాడు?"

సెలీనాకు కోపం ముక్కు మీదికొచ్చింది. పన్నెండున్నరైంది. ఒంటిగంటకు బస్సు.

"అది కత మామా! రాసినోడు చచ్చి నూరేండ్లాయ!"

"కతైతే మనిషి గాడా? లోపల చీకట్లో ఉండాడమ్మా. యెవురో ఒకరు అడగల్ల గదా."

ఆ మాటకు సెలీనాకు సిగ్గేసింది. పుస్తకం తెచ్చి మంచం పక్కన కూర్చుంది. "నిన్న ఈ నాలుగు పేజీలు దాటేసినాను మామా, తప్పైంది" అని ఒప్పేసుకుని, ఈసారి ఒక్క ముక్క వదలకుండా చదివి చెప్పింది. జాను దీపం ఆరిపోయింది. తడుముకుంటూ పాత దారి పట్టాడు. నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి తెల్లారేసరికి బయటపడ్డాడు. నేరుగా ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకున్నాడు.

"టోకెన్ ఇయ్యకుండానే!" ఆరోగ్యస్వామి మంచం మీద లేచి కూర్చున్నాడు. "గాడిద కొడుకు! ఈడ మనం తిండి మానుకొని కూచోనుంటే ఆడ నిద్ర పోయినాడా!"

తిడుతూనే సిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంత సంతోషం ఆయన ముఖంలో మనవడు పుట్టిననాడు కూడా చూడలేదు సెలీనా. అన్నం పెట్టమన్నాడు. తనే తల వెనక్కి వాల్చి కన్ను తెరిచాడు. ఆమె చుక్క వేసి, కంచం చేతికిచ్చి, బ్యాగు అందుకుంది. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా వెనకనుంచి పిలుపొచ్చింది.

"సెలీనమ్మా, దీనికి ముందర అయిదు కతలు చెప్పినావు గదా. వాటిల్లో యెంతమందిని లోపలే వదిలేసి వచ్చినావు?"