మేస్త్రి బొటనవేలు

సాయంత్రం ఆరయ్యేసరికి టైల్స్ మేస్త్రి పని ఆపి, కుడికాలి బొటనవేలు పట్టుకుని కూలబడేవాడు. ఆరు నెలలుగా ఇదే వరస. వేలి కీలు ఎర్రగా ఉబ్బేది. దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. పది కొట్టేసరికి ఏమీ ఎరగనట్టు చల్లబడేది.

వేలు నొప్పి అతనికి కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా మోకాళ్ల మీద కూర్చుని, కాలివేళ్లు మడిచి, వెనక్కి జరుగుతూ నేలలు పరిచిన మనిషి. తను పరిచిన నేలలో ఎక్కడ తేడా వచ్చినా ఆ కీలుకు తెలిసిపోయేది. ఊరందరికీ తెలిసిన సంగతే అది. బ్యాంకు గుమ్మంలో టైలు లేచిందని మేనేజరు ఫోన్ చేసే వేళకి మేస్త్రి సిమెంటు కలుపుతూ ఉండేవాడు. టైలు సరిచేస్తే నొప్పి పోయేది.

ఈసారి తీరు వేరు. డాక్టరు రక్తపరీక్ష, ఎక్స్‌రే చేయించి, యూరిక్ యాసిడ్ పెరగలేదనీ ఎముక బాగానే ఉందనీ చెప్పాడు. వాపు ఇలాగే ఉంటే కీలు బిగుసుకుపోతుందనీ, ఇక మోకాళ్ల మీద కూర్చోవడం కుదరదనీ హెచ్చరించాడు. "మందులు రాస్తాను గానీ, అది ఎవరింటి నేలో ముందు కనుక్కో మేస్త్రీ" అన్నాడు. పనిలో పనిగా తన బాత్రూమ్ కూడా చూసి పొమ్మన్నాడు.

మేస్త్రి తను పరిచిన ఇళ్లన్నీ వరసగా తిరిగాడు. తాపీ పిడితో ఒక్కో టైలూ తట్టి, డొల్ల మోత వస్తుందేమోనని చెవి ఆనించి విన్నాడు. "కాలు కాలిన పిల్లిని చూశాను గానీ, వేలు కాలిన మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అని భార్య నవ్వింది. నవ్వుతూనే వేడినీళ్లు కాచింది.

చివరికి చెల్లెలి ఇల్లొకటే మిగిలింది. దాన్ని కావాలనే ఆఖరికి పెట్టుకున్నాడు. అక్కడ ప్రతి టైలూ రెండుసార్లు చూసి మరీ వేశాడు, తప్పుండే వీల్లేదు. ఈ ఆరు నెలల్లో రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లి టీ తాగి కూడా వచ్చాడు.

ఐదున్నరకి వెళ్లి హాలంతా తట్టాడు. ఎక్కడా డొల్ల లేదు. ఆరింటికి చెల్లెలి భర్త పని నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని టీవీ పెట్టుకున్నాడు. చెల్లెలు వచ్చి అతని కుర్చీ వెనక, గోడ పక్కన నిలబడింది. మేస్త్రి వేలు భగ్గుమంది.

వంగి చూశాడు. ఆమె నిలబడ్డ టైలు మీద మెరుపు పోయి, రెండు పాదాల మేర మసకబారి ఉంది.

"కూర్చోవేమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. "తనకి అలవాటే బావగారూ" అన్నాడతను, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"పదింటికి ఈయన పడుకునేదాకా, పిలిస్తే పలకాలి కదన్నయ్యా" అంది చెల్లెలు. "అత్తయ్య ఉన్నన్నాళ్లూ కూర్చోమనేది. ఆవిడ పోయాక ఎవరూ అనలేదు."

ఆవిడ పోయి ఆరు నెలలు. మేస్త్రికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ టైళ్లు తట్టాడే గానీ, వాటి మీద నిలబడ్డ మనిషి మొహం ఒక్కసారైనా చూడలేదు.

"చెప్పులేసుకో. మనింటికి పోదాం."

మరి అన్నం ఎవరు పెడతారని భర్త అడిగాడు. ఆ మాటకి చెల్లెలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

మర్నాడు ఆరయింది. నొప్పి రాలేదు. మేస్త్రి కుర్చీలో కాళ్లు చాపుకుని, చాలా రోజులకి హాయిగా కళ్లు మూసుకున్నాడు. వంటగది గుమ్మంలోంచి భార్య మెల్లగా పిలిచింది. "ఒకసారి వెనక్కి చూడండి."

అతని కుర్చీ వెనక, గోడ పక్కన చెల్లెలు నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో ఏమో. ఊరందరికీ నేలలు పరిచిన మేస్త్రి ఇంట్లో మాత్రం ఎవరో ఎప్పుడో చేసిన సిమెంటు గచ్చే ఉంది. అది అతని వేలికి ఏ కబురూ చెప్పదు.

మేస్త్రి లేచి కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "కూర్చోమ్మా."

ఆమె అలవాటుగా ఎవరి వైపో చూడబోయింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపటికి కుర్చీ అంచున కూర్చుంది, తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలింది. మేస్త్రి చాలాసేపు అలాగే నిలబడి ఉన్నాడు.