చుట్టాలొస్తేనే పళ్ళు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊళ్ళో సగం నోళ్ళు బాగుచేసిన పళ్ళ మేస్త్రికి మాత్రం తన నోరే మంచిది కాదు. పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని ముప్పై ఏళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాడు. తను చేసిన సెట్టు పాడై తిరిగొచ్చిందా, తెచ్చినవాళ్ళకి మూడినట్టే. ఎదుట ఉన్నది జడ్జిగారైనా సరే కడిగి ఆరేస్తాడు. పనిమంతుడు కదా అని డాక్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఒక పెద్దావిడ సెట్టు కూడా అలాగే తిరిగొచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పిందట. కూతురు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. పళ్ళు తల్లి నోట్లో లేవు. కూతురు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, వాటిని బల్ల మీద పెట్టింది. కట్టి ఏడాది కాలేదు, అప్పుడే ఎండి, పగుళ్ళిచ్చి, ఒక పక్కకి వంకర తిరిగాయి.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. “ఏమ్మా, తీసినప్పుడల్లా నీళ్ళలో వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? ఇలా గుడ్డల్లా ఎండబెట్టడానికా నేను కళ్ళు పోగొట్టుకుని చేసింది?”

పెద్దావిడ ఒకసారి కూతురి మొహం చూసి తల దించుకుంది. “తప్పయింది బాబూ,” అంది. పళ్ళు లేని నోటినుంచి ఆ మాట సగం గాలిగానే వచ్చింది.

“నేను మొత్తుకుంటూనే ఉంటానండీ, వింటేగా! రోజురోజుకీ పసిపిల్లయిపోతోంది,” అని కూతురు నవ్వింది. “మీరైనా గట్టిగా చెప్పండి.”

అడిగిందే తడవుగా మేస్త్రి ఇంకో నాలుగు అంటించాడు. తనలాగే విసిగిపోయిన మనిషి ఒకరు దొరికారని లోలోపల సంబరం కూడా. వారం తర్వాత కొత్త సెట్టు ఇచ్చిన రోజున కూడా ఆ విసురు తగ్గలేదు. మామూలుగా అయితే పళ్ళు పెట్టాక ఎదురుగా కూర్చోబెట్టి, ఒక రస్కు తినిపించి, దవడ ఎలా ఆడుతోందో చూసి గాని ఎవరినీ పంపడు. అతని గురువు నేర్పిన పద్ధతి అది. ఆ రోజు రస్కూ లేదు, ఏమీ లేదు. పళ్ళు పెట్టి, జాగ్రత్తలన్నీ కూతురికి చెప్పి పంపించేశాడు.

నాలుగు నెలలకి ఆ సెట్టూ అలాగే ఎండి వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచినవాడు భూతద్దంలో చూస్తూ ఆగిపోయాడు. దవడపళ్ళ మీద ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు. నాలుగు నెలలు తిండి నమిలిన పళ్ళు అంత కొత్తగా ఉండవు.

లోపలి పక్క అరగదీసి, మెత్తటి పూత వేసి, గంటలో సరిచేసి ఆవిడ నోట్లో పెట్టాడు. కూతురు ఫోను మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళింది. ఈసారి మేస్త్రి రస్కు మర్చిపోలేదు. ఆవిడ మొదటిది తింది. రెండోది ఇస్తే అదీ తింది. మూడోది తినేటప్పుడు గడ్డం కింద చెయ్యి పట్టి, రాలిన పొడి కూడా నోట్లో వేసుకుంది.

“ఇంట్లో పళ్ళు ఎక్కడ పెడతారమ్మా?” మెల్లగా అడిగాడు.

“అమ్మాయి బీరువాలో. చుట్టాలొస్తే ఇస్తుంది.”

“మరి తినేటప్పుడు?”

“పళ్ళుంటే గంటసేపు తింటూ కూర్చుంటానని దానికి విసుగు. రోజుకోసారి పాలలో బ్రెడ్డు నానబెట్టి పెడుతుంది. ముసలి ప్రాణానికి ఎంత కావాలి బాబూ?” అంటూనే ఆవిడ రస్కుల డబ్బా వైపు చూసింది.

తలుపు తెరుచుకుంది. “అయిందా అమ్మా?” అంటూ కూతురు అరచెయ్యి చాచింది. అంతే. పెద్దావిడ నోట్లోంచి పళ్ళు తీసి, కొంగుతో తుడిచి, ఆ అరచేతిలో పెట్టింది.

మేస్త్రి ప్రాణం విలవిల్లాడింది. ఇన్నాళ్ళూ తను తిట్టింది ఎవరిని! కూతుర్ని అక్కడికక్కడే దులిపెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని తను అరిస్తే ఆవిడని ఇంటికి లాక్కుపోతుంది, ఆ తర్వాత తలుపులేసుకున్న ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోపాన్ని మింగాడు.

“ఇంకాస్త అరగదియ్యాలండీ, ఇలా ఇవ్వండి. డాక్టరుగారు కూడా చూడాలి. మీరు బయట కూర్చోండి,” అన్నాడు.

మేస్త్రి చెప్పింది విని డాక్టరుగారు ఆవిడని ఒంటరిగా కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. బరువు తూస్తే ముప్పై రెండు కిలోలు. ముసలివాళ్ళ బాగోగులు చూసే ఆఫీసుకి ఫోను చేశాడు. సాయంత్రానికి ఇద్దరు ఆఫీసరమ్మలు వచ్చి ఆవిడని పెద్దాసుపత్రిలో చేర్పించారు. కూతురు అరిచింది, ఏడ్చింది, అమ్మంటే నాకు ప్రాణమని కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. అది పూర్తిగా అబద్ధం కాదేమో కూడా. మేస్త్రికి అదే మింగుడు పడలేదు.

తొమ్మిదో రోజు చూడ్డానికి వెళితే అక్కడి డాక్టర్లు పెదవి విరిచారు. ఇన్నాళ్ళ పస్తులకి చిక్కిపోయిన ఒంట్లో, ఇప్పుడు తిండి పెట్టినా గుండె తట్టుకోవడం లేదన్నారు. నాలుగు నెలల ముందే తీసుకొచ్చి ఉంటే బతికించేవాళ్ళం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ పళ్ళు పెట్టుకునే ఉంది. మాట నీరసంగా ఉన్నా తిన్నగా వస్తోంది.

“అమ్మా, అప్పుడే నాతో ఒక్క మాట అనకపోయారా?”

“చెబుదామనే వచ్చాను బాబూ. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. కొత్త పళ్ళు పెట్టాక చెబుదాం, అప్పుడైతే మాట తెలుస్తుంది అనుకున్నాను. మీరు అలా కసిరేసరికి, మీరూ అమ్మాయి వైపే అనుకున్నాను.”

మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. ఆవిడ చెయ్యి చాచి అతని చెయ్యి తట్టింది.

“మీదేం తప్పు బాబూ? ఎండిపోకుండా చూసుకోవాల్సింది నేనే కదా.”

ఊరందరినీ తిట్టిన ఆ మనిషి ఆ చెయ్యి పట్టుకుని, వార్డంతా చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు.