పక్కపక్కన రెండు బటన్లు

నా ఉద్యోగమేమిటో భిలాయిలో ఎవరికీ చెప్పలేక విసిగిపోయాను. యూఎక్స్ డిజైనర్నని నేను నోరు విప్పేలోపే, "మా ఇంద్రజ కంప్యూటర్లో బొమ్మలేస్తాది" అని నాన్న తేల్చేసేవాడు. ఒళ్ళు మండేది.

ఆ ఆదివారం పక్కింటి చిన్నమ్మలు పిన్ని ఫోను పట్టుకుని వచ్చింది. గ్యాసు బండ ఎప్పుడొస్తుందో చూడబోయి, చేసిన బుకింగ్ కాస్తా రద్దు చేసుకుందట.

"గలతీ నాదేనమ్మా. నా బుర్రకి ఇవేటీ ఎక్కవు."

చూస్తే రెండు బటన్లూ ఒకే రంగు, ఒకే సైజు. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి.

"తప్పు నీది కాదు పిన్నీ, ఇలా పెట్టినవాడిది. నువ్వు ఎందుకు తప్పు నొక్కావో కనుక్కుని, ఇంకొకరు నొక్కకుండా మార్చాలి. నేను చేసే పని అదే."

"అచ్ఛా, అదీ ఒక ఉద్యోగమేనేటి!" అని పిన్ని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాన్న మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒకలాంటివి పక్కపక్కనుంటే, నొక్కినోడిది తప్పు కాదా?"

ఆ గొంతు వింటే భయమేసింది. నాన్న ఒక చిన్న ప్రైవేటు మిల్లులో క్రేను నడిపేవాడు. పదిహేడేళ్ళ కిందట, అక్షరాలు అరిగిపోయిన బటన్ల డబ్బా మీద 'పైకి' అనుకుని 'కిందికి' బటన్ నొక్కాడు. ఇనుప కడ్డీల కట్ట కింద పనిలో ఉన్న అప్పలకొండ మామ కాలి మీద దిగింది. కాలు తీసేశారు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఎంక్వైరీలో 'ఆపరేటర్ పొరపాటు' అని రాస్తే నాన్న సంతకం పెట్టేశాడు. సిగ్గుతో మళ్ళీ, ఊళ్ళోనే క్యాంప్ 1 బస్తీలో ఉన్న మామ గల్లీ వైపు తొంగి చూడలేదు.

"కాదు నాన్నా," అన్నాను.

"చెయ్యి నాదే కదా మరి."

నాన్న లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఆ మాట అప్పలకొండకి చెప్పగలవేటి? నేను చెప్తే తప్పించుకోడానికి చెప్పినట్టుంటాది."

స్కూటీ మీద తీసుకెళ్ళాను. మామ ఇంటి ముందు మంచం మీద కూర్చునున్నాడు. నాన్న దూరంగానే నిలబడిపోయాడు. నేను బటన్ల సంగతి ఎత్తానో లేదో, మామ చెయ్యెత్తి ఆపాడు.

"నాకు తెల్దేటమ్మా? ఆస్పత్రి నుంచొచ్చిన వారానికే కర్రలేసుకుని ఆఫీసుకెళ్ళేను. ఆ డబ్బా మార్చండి, వీడి తప్పేం లేదని చెప్పేను. ఎవడూ రాసుకోలేదు."

మామ నాన్న వైపు తిరిగాడు.

"కాలు పోతే ఏడాదికి అలవాటు పడ్డాన్రా గురునాథం. నువ్వు రాకపోడానికే ఇప్పటికీ అలవాటు పడలేదు."

నాన్న వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. కాలు లేని చోట మామ లుంగీ అంచు పట్టుకుని ఏడ్చాడు.