ఎండలో చదివిన సున్నా

తిరుమణి ఊరి సోలార్ పార్కులో ధనంజయ టెక్నీషియన్. నారప్ప అతని హెల్పర్. ఆ ప్యానెళ్ల కింది భూమిలో కొంత నారప్పదే. కౌలుకిచ్చి, అక్కడే పనికి చేరాడు.

మంగళవారం మధ్యాహ్నం ఒక వరుసలో కనెక్టర్ చెడింది. తీగెలో కరెంటు ఉందో లేదో చూడాలి. ధనంజయ ప్యానెల్ కింద మీటరు పిన్నులు తగిలించి, మీటరును నీడలోంచి ఎండలోకి తెచ్చి చదివాడు. అది పాత మీటరు నేర్పిన అలవాటు. పాతదాని తెరకు సొంత వెలుగు లేదు. మీద పడిన ఎండే తెర వెనక రేకుకు తగిలి తిరిగొచ్చి అంకెలను చూపేది. ఎండ పెరిగేకొద్దీ అంకెలు తేటపడేవి. ఈ నెలలో కొన్న రంగుల మీటరుకు తెర వెనక దీపం ఉంది. నీడలో బాగా కనిపిస్తుంది. ఎండలో ఆ దీపం చాలదు.

అతనికి ఒక సున్నా కనిపించింది. దాని ముందు ఇంకేమైనా అంకెలున్నాయా అని చూడలేదు.

“సున్నా ఉండాదన్నా. విప్పు.”

“గ్లౌజులు ఏసుకోనీప్పా.”

“సున్నాకు గ్లౌజులేంది? పెండ్లికి పోతాండావా?”

నారప్ప నవ్వి, ఉత్త చేతులతో కనెక్టర్ విప్పాడు. తీగెలో ఆరువందల ఇరవై వోల్టులున్నాయి. మంట లేచి కుడి అరచేయి కాలింది.

మరునాడు నారప్ప చేతికి కట్టుతో ఆఫీసుకు వచ్చాడు. వెంట భార్య అంజనమ్మ ఉంది. ధనంజయ అప్పటికే అక్కడున్నాడు. గ్లౌజులు లేకుండా తీగె ముట్టినవాణ్ని పనిలోంచి తీసేస్తారు.

“ఎందుకు ఏసుకోలేదు?” సూపర్‌వైజర్ యోగానంద అడిగాడు.

“మర్సిపోయినా సార్. తప్పు నాదే.”

“అయితే రేపట్నుంచి రావద్దు.”

నారప్ప తలూపాడు. ధనంజయ ఏదో అనబోతే అతని మోచెయ్యి పట్టుకొని, గొంతు తగ్గించి అన్నాడు: “ఊరికే ఉండప్పా. నాకు భూమి బాడిగ వస్తాది. నీకేముండాది?”

యోగానంద కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్లాడు.

“సార్,” ధనంజయ పిలిచాడు. “ఆయప్ప గ్లౌజులు అడిగినాడు. నేనే వద్దన్నా. ఎండలో మీటరు సరిగ్గా కనపడల్యా, సున్నా అని చెప్పేసినా.”

“ఈ మాటకు పోయేది నీ ఉద్యోగం.”

“తెలుసు సార్.”

అంజనమ్మ భర్త వైపు చూసింది, తర్వాత ధనంజయ వైపు.

“నిన్నట్నుంచి ఆయప్పకు ముద్ద కలిపి పెడతా, గ్లౌజులు ఏసుకోలేదని తిడతానే ఉండాను కదప్పా,” అంది. “ఆయప్ప ఒక్క మాట చెప్పల్యా నాకు.”