నీకు వచ్చుగా

"దుప్పటి మడతపెట్టడం కూడా ఒకరు చెప్పాలా? అంచుకి అంచు కలవాలి, మధ్యలో..." అంటున్న అత్తగారి మాట సగంలో ఆగిపోయింది. కోడలు తలెత్తలేదు. తొమ్మిదేళ్ల కాపురంలో ఆవిడ మాట అలా సగంలో ఆగడం అదే మొదటిసారి. ఇవాళ్టికి ఇంతటితో సరిపెట్టారు కాబోలనుకుని ఒక్క క్షణం ఆమె ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది. ఆ క్షణాన్ని తలుచుకుని తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది. చూసేసరికి అత్తగారు మంచం మీద నుంచి పక్కకి ఒరిగిపోతున్నారు. మూతి ఒక వైపుకి లాగేసింది. ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడుతోంది.

అప్పటికి ఉదయం పదీ పది. ఆమె అత్తగారిని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. అవతల ఎవరో ఆడమనిషి గొంతు, నిదానంగా ఉంది. "పక్కకి తిప్పి పడుకోబెట్టండమ్మా. తాగడానికి ఏమీ పొయ్యకండి. బండి పంపిస్తున్నాం."

తర్వాత భర్తకి చేసింది. మీటింగ్‌లోంచి బయటికొచ్చి మాట్లాడాడు. "అంబులెన్స్‌కి చెప్పావుగా. వాళ్లొస్తారు. కంగారుపడి నువ్వేం చెయ్యకు."

నువ్వేం చెయ్యకు. ఆమె బాల్కనీకీ గదికీ మధ్య తిరుగుతూ ఆ మాటనే నములుతూ ఉండిపోయింది. తెల్లారి ఐదింటికి లేచింది మొదలు మంచం ఎక్కేదాకా ఇంట్లో ప్రతి పనీ ఆమెదే. అసలైన పని వచ్చిపడినప్పుడు మాత్రం ఆమె చేతులు కట్టుకుని నిలబడాలి. కింద కారు ఉంది. భర్త కంపెనీ బస్సులో ఆఫీసుకి వెళ్తాడు, కారు ఆదివారాలకి. పెళ్లికి ముందు ఆమె ఒక బేకరీలో పనిచేసింది, రెండేళ్లపాటు ఊరంతా తిరిగి రొట్టెలు దింపే వ్యాన్ ఆమే నడిపింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి కారు వెనక్కి తీస్తూ గోడకి గీకించింది. అంతే, ఆ గీత వాళ్లింటి చరిత్రలో శిలాశాసనమైపోయింది. నలుగురు చేరితే చాలు, "మా ఆవిడ కారు తీస్తే గోడలే పక్కకి జరగాలి" అనేవాడు భర్త. అందరూ నవ్వేవారు. అందరికన్నా గట్టిగా అత్తగారు. నవ్వి నవ్వి వాళ్లు మర్చిపోయారు కానీ, ఆమె మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. లైసెన్స్ మాత్రం గడువు తీరగానే ఎవరికీ చెప్పకుండా రెన్యూ చేయించుకుంది. ఎందుకో అప్పట్లో తనకే తెలియదు.

పది నలభైకి కూడా బండి జాడ లేదు. మళ్లీ ఫోన్ చేస్తే అదృష్టంకొద్దీ అదే గొంతు. ఈసారి ఆ గొంతు కాస్త తగ్గింది. "వస్తోందనే చెప్పమంటారమ్మా మా పైవాళ్లు. కానీ నిజం చెప్తున్నా. ఉన్న రెండు బండ్లూ ఊరికి ఆ చివర చిక్కుకున్నాయి. ఇంకో ముప్పావుగంట పడుతుంది. ఆవిడకి అంత టైమ్ లేదు. ఇంట్లో ఏదైనా బండి ఉందా?"

"కారుంది."

"నడిపేవాళ్లున్నారా?"

"నడిపేవాళ్లా..." అంటూ ఆమె కారు తాళాల వైపు చూసింది. నేల మీద నుంచి ముద్దముద్దగా ఒక మాట వచ్చింది. "నీకు... వచ్చుగా."

కింది వాటాలో బట్టలు కుట్టే టైలరక్క ఒక్క కేకకే మెట్లెక్కి వచ్చింది. "మిషన్ మీద కూర్చునేవాళ్లకి నడుము గట్టిదేలే, పట్టు" అంటూ అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి రెండంతస్తులు దింపారు. టైలరక్క వెనక సీట్లో అత్తగారి తలని ఒళ్లో పెట్టుకుంది. గేటు దగ్గరే ఇంజన్ ఆగిపోయింది.

"ఆగితే ఆగిందిలే. మళ్లీ తియ్యి. కుట్టు తప్పితే విప్పి వెయ్యమా ఏంటి" అంది టైలరక్క.

మళ్లీ తీసింది. పదకొండు నిమిషాల్లో ఆసుపత్రి గుమ్మంలో ఉన్నారు.

"ఇంకో అరగంట దాటితే ఈ మాత్రం మాట కూడా దక్కేది కాదు. మంచి పని చేశారు" అన్నాడు డాక్టరు.

సాయంత్రం భర్త వరండాలో నిలబడి బంధువులందరికీ ఫోన్లు చేశాడు. "సమయానికి తీసుకొచ్చేశాం" అన్నాడు ప్రతి ఒక్కరితోనూ. విచిత్రంగా ఆమెకి కోపం రాలేదు. కోపానికి లోపల చోటు లేదు. పై వాళ్ల మాట దాటి నిజం చెప్పిన ఆ ఫోన్ గొంతు, కుట్టుపని వదిలేసి కాళ్లకి చెప్పుల్లేకుండా వచ్చిన టైలరక్క, "భయపడితే రోడ్డు వెడల్పవుతుందా, ఎక్కు" అని మొదటిసారి వ్యాన్ తాళాలు చేతిలో పెట్టిన బేకరీ యజమానురాలు... వీళ్లందరికీ మనసులోనే దణ్ణాలు పెట్టుకుంటూ బెంచీ మీద కూర్చుంది. గుండె నిండిపోయి ఉంది.

మూడో రోజుకి అత్తగారి మాట కాస్త తేటపడింది. కోడలు పక్కగుడ్డ సరిచేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"మీ మామగారికి గుండెనొప్పి వచ్చినప్పుడు కూడా ఇలాగే ఎదురుచూశానే. గంటంబావు. వీడు అప్పుడు హాస్టల్లో ఉన్నాడు."

మామగారు గుండెపోటుతో పోయారని ఆమెకి తెలుసు. పెళ్లికి ముందు సంగతి కాబట్టి అంతకుమించి తెలియదు.

"గుమ్మంలో జీపుంది. నేర్చుకుంటానని ఎన్నోసార్లు అడిగాను. నీకెందుకు, నేనున్నాగా అనేవారు. ఆయన పోతుంటే ఆ జీపు వైపే చూస్తూ కూర్చున్నాను." ఆవిడ కాసేపు ఊపిరి తీసుకున్నారు. "అంతా తెలిసి కూడా, వాడు నీ మీద జోకులేస్తుంటే నవ్వాను. ఎవరో ఒకరు నన్ను ఆపాల్సింది. నువ్వైనా ఆపకపోయావా?"

క్షమాపణ అడగడంలో కూడా తప్పు కోడలిదే. ఆమెకి నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

ఇంటికి పంపించిన రోజు ఆమె, భర్త కలిసి అత్తగారిని చక్రాల కుర్చీలో కారు దాకా తీసుకొచ్చారు. అలవాటు ప్రకారం అతను డ్రైవర్ వైపు నడిచాడు. "నువ్వు వెనక అమ్మతో కూర్చో" అన్నాడు.

ఆమె అప్పటికే ఆ తలుపు తీసి పట్టుకుని ఉంది.

"మీరు కూర్చోండి వెనకాల" అంది మామూలుగా. "ఎడమ చెయ్యి కిందకి వేలాడకుండా, మెడ ఊగకుండా పట్టుకోవాలి. కంగారుపడకండి, కష్టమేం కాదు. ఎలా పట్టుకోవాలో నేను చెప్తాను."